ఎనిమిది డాలర్ల లెక్క: గుంటూరు నుంచి అమెరికాకు తొలి తరం ఎలా వెళ్లింది?

గుంటూరు బ్రాడీపేటలో గాని, విజయవాడ లబ్బీపేటలో గాని, అమెరికాలో నలభై యాభై ఏళ్లు వైద్యం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఎవరైనా సంక్రాంతికి వచ్చి వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్నారంటే, ఆ సాయంత్రం ఒక మాట వినిపించి తీరుతుంది: "నేను న్యూయార్కులో దిగినప్పుడు నా జేబులో ఎనిమిది డాలర్లున్నాయి." మనవళ్లు ఆ మాట ఎన్నోసార్లు విన్నారు గనుక ఫోన్లలోంచి తల ఎత్తరు. మాట అబద్ధం కాదు. అయితే ఆ అంకె ఎనిమిదే ఎందుకైంది, ఎనిమిది డాలర్లున్న మనిషి విమానం టికెట్టు ఎలా కొన్నాడు, అక్కడ దిగిన కొద్ది వారాలకే గ్రీను కార్డు ఎలా చేతికొచ్చింది, అదే వీధి నుంచి ఇవాళ వెళ్లిన ఇంజనీరు అదే కార్డు కోసం తల నెరిసేదాకా ఎందుకు ఎదురు చూస్తున్నాడు అనే ప్రశ్నలు మాత్రం ఆ వరండాలో ఎవరూ అడగరు. ఈ ప్రశ్నలకు జవాబులు కొన్ని వాషింగ్టన్‌లో ఉన్నాయి, కొన్ని ఢిల్లీలో ఉన్నాయి, కొన్ని కృష్ణా కాలువల గట్ల మీద ఉన్నాయి. వాటిని కలిపి చూస్తే తప్ప ఆ తరం ప్రయాణం అర్థం కాదు.

మా పెదనాన్నగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1971లో వెళ్లారు. ఆయన పాత పాస్‌పోర్టు మా ఇంట్లో ఒక రేకు పెట్టెలో ఉంది. ఫొటో, సంతకం, వీసా ముద్ర అన్నీ ఎవరి పాస్‌పోర్టులోనైనా ఉండేవే. చూడవలసినవి చివరి పేజీలు. ప్రయాణికుడికి ఇచ్చిన విదేశీ మారకద్రవ్యం ఎంతో బ్యాంకువారు అక్కడ చేత్తో రాసి ముద్ర వేసేవారు. ఊదారంగు సిరా, ఒక పక్కకు ఒరిగిన రబ్బరు స్టాంపు, ఇంగ్లీషు అక్షరాల్లో ఎనిమిది డాలర్లు, దాని పక్కన "మాత్రమే" అన్న మాట, ఆ మాట కింద ఒక గీత. మనిషి వెంట ఎంత సొమ్ము పోతున్నదో అతని పాస్‌పోర్టులోనే రాసి పంపిన కాలం అది.

మూసి ఉన్న తలుపు

ముందుగా అమెరికా వైపు నుంచి చూడాలి. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో మన కోస్తా మనిషి బతుకుదెరువుకు సముద్రం దాటాడంటే ఎక్కువగా రంగూన్‌కే. అమెరికాకు వెళ్లే దారి చట్టంలోనే మూసి ఉండేది. 1917లో అమెరికా చేసిన వలస చట్టం ఆసియా పటం మీద ఒక గీత గీసి, ఆ గీత లోపలి వారెవరూ కూలికైనా స్థిరనివాసానికైనా రాకూడదని చెప్పింది. భారతదేశం ఆ గీత లోపలే ఉంది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉండేది.

భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ సందులోంచే వెళ్లారు. 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరారు. దాదాపు నాలుగు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు చట్టం చెప్పే "తెల్లవారు" కారు గనుక వారికి పౌరసత్వం ఇవ్వడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. అదీ అక్కరకు రాలేదు. సుబ్బారావు హార్వర్డులో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద, కాన్సరు మందుల మీద, యాంటీబయాటిక్‌ల మీద పరిశోధనలు నడిపించి, 1948లో కన్నుమూసేదాకా ఆ దేశపు పౌరుడు కాలేదు. ఆయన గొప్పతనాన్ని మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం గాని, ఆ గొప్పతనమంతా పరాయివాడి హోదాలోనే నడిచిందన్న సంగతి ఆ పాఠాల్లో ఉండదు.

1946 జులైలో ట్రూమన్ సంతకం చేసిన ఒక చట్టం భారతీయులకు పౌరసత్వం పొందే హక్కు ఇచ్చింది, దానితోపాటు వలసకు ఒక కోటా కూడా ఇచ్చింది. ఆ కోటా ఏడాదికి వంద మంది. యావత్ భారతదేశానికీ కలిపి వంద. బెజవాడ స్టేషనులో ఒక ప్యాసింజరు బండి ఆగితే దిగే జనం కూడా అంతకన్నా ఎక్కువే. ఈ లెక్క దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది. 1950లలో, 1960ల మొదట్లో మన జిల్లాల నుంచి వెళ్లినవారు చదువుకోవడానికో, ఆస్పత్రుల్లో శిక్షణకో వెళ్లి, గడువు తీరగానే తిరిగి రావలసినవారే. అందుకే ఆ కాలంలో "అమెరికా వెళ్లొచ్చిన డాక్టరు" అన్న మాట ఉండేది గాని, "అమెరికాలో ఉండే డాక్టరు" అన్న మాట అంతగా లేదు.

1965లో ఏం జరిగింది

1965 అక్టోబరు 3న న్యూయార్కు రేవులో స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర కూర్చొని అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. ఇదేమీ విప్లవాత్మకమైన చట్టం కాదని, లక్షలాది మంది జీవితాల మీద ప్రభావం చూపదని ఆ రోజు ఆయనే చెప్పారు. ఆ మాట ఎంత తప్పో తెలుసుకోవడానికి గుంటూరు అరండల్‌పేటలో నాలుగు ఇళ్ల తలుపులు తడితే చాలు.

ఈ చట్టం పుట్టిన దేశాన్ని బట్టి వాటాలు పంచే పాత పద్ధతిని తీసివేసింది. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం 1964లో సాధించిన చట్టం వెనుకనే ఇదీ వచ్చింది. ఇంట్లో వివక్ష తప్పని ఒప్పుకున్న దేశం గుమ్మం దగ్గర దాన్ని కొనసాగించడం కష్టమైంది. మన వాళ్ల అమెరికా కథల్లో ఈ రుణం ప్రస్తావన అరుదుగా వస్తుంది. నా దృష్టిలో అది పెద్ద లోపం.

పూర్తిగా 1968 జులై నుంచి అమలైన ఈ చట్టం తూర్పు అర్ధగోళానికంతటికీ ఏటా 1,70,000 వీసాలు కేటాయించి, ఏ దేశానికీ 20,000 మించకూడదని హద్దు పెట్టి, వచ్చేవారిని ఏడు వరుసలుగా విభజించింది. మన కథకు వాటిలో రెండు ముఖ్యం. మూడో వరుస వృత్తి నిపుణులది: వైద్యులు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు. దీనికి పది శాతం, అంటే 17,000. ఐదో వరుస అమెరికా పౌరుల అన్నదమ్ములది, అక్కచెల్లెళ్లది. దీనికి ఇరవై నాలుగు శాతం. కుటుంబ బంధాలకు ఇంత పెద్ద పీట వేయడం వెనుక ఒక లెక్క ఉంది. అప్పటికి అమెరికాలో బంధువులున్నవారు ఎక్కువగా ఐరోపావారే గనుక, వచ్చేవారు కూడా ఐరోపా నుంచే వస్తారని, దేశం రంగు మారదని చట్టసభలో కొందరు అనుకున్నారు. మొదట మూడో వరుసలో ఒక్కడు వెళ్లి, ఐదేళ్లకు పౌరుడై, ఐదో వరుసలో ఇంటిల్లిపాదినీ పిలుచుకునే కుటుంబాలు ఆసియాలో ఉన్నాయన్న సంగతి వారి లెక్కలోకి రాలేదు.

1965లోనే, జులైలో, మరో సంతకం జరిగింది. వృద్ధులకు, పేదలకు ప్రభుత్వ ఖర్చుతో వైద్యం అందించే మెడికేర్, మెడికెయిడ్ పథకాలు మొదలయ్యాయి. ఆస్పత్రులకు రోగులు పెరిగారు, డాక్టర్లు సరిపోలేదు. కొరత ఉన్న వృత్తుల జాబితాలో వైద్యులను చేర్చడంతో, మూడో వరుసలో దరఖాస్తు పెట్టే డాక్టరు ముందుగా ఉద్యోగం చూపించవలసిన పని లేకుండా పోయింది. శిక్షణ వీసా మీద వెళ్లినవారు రెండేళ్లపాటు స్వదేశానికి తిరిగిపోవాలన్న నిబంధనను కూడా 1970 ఏప్రిల్‌లో చాలామంది విషయంలో సడలించారు. అంతకుముందు పెట్టె సర్దుకోవలసిన మనిషి ఇప్పుడు ఇల్లు వెతుక్కున్నాడు. 1970ల మధ్యకు వచ్చేసరికి అమెరికాలోని వైద్యుల్లో దాదాపు ఐదో వంతు విదేశాల్లో చదివినవారే.

గుంటూరు ఎందుకు సిద్ధంగా ఉంది

తలుపు దేశమంతటికీ తెరుచుకుంది గదా, మరి కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచే అంతమంది ఎలా వెళ్లారన్నది రెండో ముడి. తెలివితేటలు అన్న జవాబు చెప్పుకోవడానికి బాగుంటుంది గాని, తెలివితేటలు అన్ని జిల్లాల్లోనూ ఉన్నాయి.

1850లలో బెజవాడ దగ్గర కట్టిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, 1967 నుంచి మెట్ట ప్రాంతాలకు కూడా నీళ్లు తెచ్చిన నాగార్జునసాగర్ కుడికాలువ, వాటి కింద పండిన వరి, వాటి పక్కన మిర్చి, పొగాకు కొన్ని కుటుంబాల చేతిలో నాలుగు డబ్బులు మిగిల్చాయి. ఆ డబ్బు ఊళ్లో మరో ఎకరం కొనడానికి పోయేది. క్రమంగా పిల్లవాడిని పట్నంలో ఉంచి చదివించడానికి మళ్లింది. 1973లో భూపరిమితి చట్టం వచ్చాక పొలం కన్నా చదువు పట్టా నయమన్న ఆలోచన ఇంకా బలపడింది. గుంటూరు ఏ.సి. కాలేజీ, హిందూ కాలేజీ, విజయవాడలో 1937 నాటి ఎస్.ఆర్.ఆర్. కాలేజీ, 1950లలో వచ్చిన లయోలా కాలేజీ ఆ పిల్లలను ఇంగ్లీషులో పరీక్ష రాయగలిగే స్థితికి తెచ్చాయి. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీ వాళ్లను డాక్టర్లను చేసింది. ఇంజనీరింగు చదవాలంటే కాకినాడకో, వాల్తేరుకో, వరంగల్లుకో పోవలసిన రోజుల్లో వైద్యం మాత్రం ఇంటి ముంగిట ఉండేది. మన జిల్లా తొలి వలసలో డాక్టర్లే ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణమని నేను అనుకుంటున్నాను.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. గుంటూరు అమెరికాకు వెళ్లడానికి వందేళ్ల ముందే అమెరికా గుంటూరుకు వచ్చింది. లూథరన్ మిషనరీ ఫాదర్ హెయిర్ 1842లో ఇక్కడికి చేరారు. ఏ.సి. కాలేజీ మూలాలు 1885లో ఆ మిషన్ పెట్టిన కాలేజీలో ఉన్నాయి. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, ఆడవారికి వైద్యం చేసి, 1898లో ఆస్పత్రి తెరిచి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. కుగ్లర్ ఆస్పత్రిలో పుట్టిన పిల్లలే కొందరు పెరిగి పెద్దై ఆమె దేశంలో పురుళ్లు పోశారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కాలేజీల్లో చదువుకు కట్టిన ఫీజు నామమాత్రం. అసలు ఖర్చు ప్రభుత్వానిది. కాలువ నీళ్లు అదే అయినా ఆ పొలాల్లో నాట్లు వేసినవారి పిల్లలు ఆ మొదటి విమానాల్లో దాదాపు లేరు. భూమి ఉన్న కులాలు, తరతరాలుగా చదువు ఉన్న కులాలు ముందు వెళ్లాయి. "మా అబ్బాయి కష్టపడి పైకొచ్చాడు" అన్న మాటలో కష్టం నిజమే. అయితే ఆ కష్టం పడే అవకాశం ఎవరికి దక్కిందన్నది వేరే ప్రశ్న.

ఆ అంకె వెనుక

ఇప్పుడు ఢిల్లీ వైపు రావాలి. 1950ల చివర రెండో పంచవర్ష ప్రణాళిక యంత్రాల దిగుమతులతో విదేశీ నిల్వలు కరిగిపోయాయి. ఆ తరువాత రెండు యుద్ధాలు, వరుస కరువులు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించి, డాలరుకు 4 రూపాయల 76 పైసలుండేదాన్ని 7 రూపాయల 50 పైసలు చేశారు. ప్రతి డాలరూ ప్రభుత్వానిదే అన్నట్టు మారకద్రవ్యం మీద కట్టడి ఉండేది. విదేశానికి పోవాలంటే పాస్‌పోర్టు, వీసాలతో పాటు రిజర్వు బ్యాంకు వారి పీ ఫారం మంజూరు కావాలి. అక్కడ ఖర్చులు ఎవరు భరిస్తారో చూపించి, మన దేశపు డాలర్లు అడగబోవడం లేదని ఒప్పించాలి. అలా ఒప్పించిన మనిషికి దారి ఖర్చుల కింద ఇచ్చే సొమ్ము ఎనిమిది డాలర్లు. ఇంగ్లండు వెళ్లినవారు మూడు పౌన్లని చెబుతారు. ఎనిమిదిని ఏడున్నరతో హెచ్చవేస్తే అరవై రూపాయలు.

అంటే ఎనిమిది డాలర్లు ఆ మనిషి పేదరికానికి కొలత కాదు, దేశం ఖజానాకు కొలత. ఇంట్లో ఎంత ఉన్నా వెంట తీసుకుపోనిచ్చేది అంతే. మరి విమానం టికెట్టు? దాన్ని ఇక్కడే రూపాయల్లో కొనవచ్చు. 1960 మే నెలలోనే ఎయిర్ ఇండియా బోయింగు విమానం బొంబాయి నుంచి లండన్ మీదుగా న్యూయార్కు వెళ్లడం మొదలైంది. ఆ టికెట్టు వేల రూపాయల వ్యవహారం. మా తాతగారు ఆ ఏడు మిర్చి అమ్మిన సొమ్ము మొత్తం, దాని మీద కొంత అప్పు అందులో పోశారు. మరికొందరి ఇళ్లలో ఆ ఖర్చు మామగారి వైపు నుంచి వచ్చింది. "అమెరికా సంబంధం" అన్న మాటకు పెళ్లిళ్ల బజారులో విలువ కట్టడం అప్పుడే మొదలైంది. జేబులో అరవై రూపాయల డాలర్లు, టికెట్టులో కుటుంబం తాలూకు ఒక ఏడాది పంట. కథలో మొదటిది మిగిలింది, రెండోది జారిపోయింది.

పాస్‌పోర్టు కూడా అప్పటికి కొత్తగా హక్కయిన వస్తువే. 1967 వరకు పాస్‌పోర్టు ఇవ్వడం, మానడం ప్రభుత్వం ఇష్టం. ఆ ఏడాది ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో మన సుప్రీంకోర్టు విదేశ ప్రయాణం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని తేల్చిన తరువాతే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అమెరికాలో 1965, ఇక్కడ 1967: రెండు వైపులా గడియలు రెండేళ్ల తేడాతో తీశారన్నమాట.

డాక్టర్లకు మరో మెట్టు ఉండేది. విదేశీ వైద్య పట్టభద్రులకు అమెరికావారు పెట్టే ఇ.సి.ఎఫ్.ఎం.జి. పరీక్ష. వైద్యులు తరలిపోతున్నారన్న బాధతో ఆ పరీక్షను మన దేశంలో జరపనివ్వని రోజుల్లో, దాన్ని రాయడానికే కొలంబో దాకా వెళ్లినవారున్నారు. మేధో వలసను ఆపాలన్న ప్రభుత్వం చివరికి ఆపగలిగింది దూరపు పరీక్షా కేంద్రానికి పోయే ఖర్చు భరించలేని వాడిని మాత్రమే.

వీసా కోసం పోవలసింది మద్రాసు. ఇవాళ హైదరాబాదులో ఉన్న అమెరికా కాన్సలేటు 2008లో గాని రాలేదు. రాత్రి విజయవాడలో మద్రాసు మెయిలు ఎక్కి, తెల్లవారి సెంట్రల్‌లో దిగి, స్నానం చేసి, మౌంట్ రోడ్డు మీది కాన్సలేటులో కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేసి, వైద్యపరీక్షలో తీసిన ఛాతీ ఎక్స్‌రే ఫిల్మును పెద్ద కవరులో పట్టుకొని తిరిగి రావాలి. స్థిరనివాస వీసా మీద వెళ్లేవారు ఆ ఎక్స్‌రేను విమానంలో కూడా చేత్తో పట్టుకుపోయి, దిగినచోట అధికారికి చూపించవలసి వచ్చేది. పెదనాన్నగారి ప్రయాణపు ఫొటో ఒకటుంది: మెడలో కనకాంబరాల దండ, ఒక చేతిలో ఎయిర్ ఇండియా సంచి, రెండో చేతిలో తలకన్నా పెద్దదైన గోధుమరంగు కవరు. చుట్టూ నిలబడ్డ బంధువులు ఆ కవరులో ఏముందో తెలియక దాన్నే చూస్తున్నారు.

దిగిన తరువాత

ఇక్కడ ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి ఊళ్లో "డాక్టరుగారు" అనిపించుకున్నవారు అక్కడ మళ్లీ మొదటి మెట్టు నుంచి, ఇంటర్నుగా మొదలుపెట్టాలి. మంచి పేరున్న ఆస్పత్రుల్లో స్థానాలు అక్కడ చదివినవారికి పోగా, నగరాల నడిబొడ్డున పేదలు వచ్చే ఆస్పత్రులు, ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు, ఎవరూ పోని చిన్న ఊళ్లు మిగిలేవి. సొంతంగా వైద్యం చేయాలంటే 1968 నుంచి వచ్చిన ఫ్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష దాటాలి. వియత్నాం యుద్ధం నడుస్తున్నది గనుక, గ్రీను కార్డు వచ్చిన యువకుడు సైనిక నియామకానికి కూడా పేరు నమోదు చేసుకోవలసి వచ్చేది. పెదనాన్నగారి మొదటి ఏడాది ఉత్తరాల్లో నిద్ర గురించే ఎక్కువగా ఉంది: మూడు రోజులకొకసారి రాత్రి డ్యూటీ, రోగులు మాట్లాడే ఇంగ్లీషు తనకు, తన ఇంగ్లీషు రోగులకు అర్థం కాకపోవడం, నర్సు రెండోసారి చెప్పించుకోవడం.

తిండి సంగతి ప్రతి ఇంట్లోనూ ఒక పురాణం. కందిపప్పు దొరకక పసుపుపచ్చ బఠాణీ పప్పుతో పప్పుచారు, గోంగూర లేక పాలకూరలో నిమ్మరసం పిండడం, పచ్చి ఆపిల్ ముక్కలతో ఆవకాయ. ఆ ఆపిల్ ఆవకాయను మా పెద్దమ్మ ఇప్పటికీ పెడుతుంది, ఇష్టంతోనే. న్యూయార్కులో లెక్సింగ్టన్ అవెన్యూ మీద కలుస్త్యాన్ దుకాణం ఉండేది. షికాగోలో పటేల్ బ్రదర్స్ 1974లో మొదలైంది. ఇవి లేని ఊళ్లలో ఉన్నవారు గంటల కొద్దీ కారులో పోయి నెలకు సరిపడా కొని తెచ్చుకునేవారు.

వార్త ఒక్కటే దారిలో నడిచేది, అది నీలం రంగు ఎయిర్‌లెటరు. మూడు మడతల ఆ కాగితంలో స్థలం అయిపోతే అంచుల వెంట, ఆపైన అతికించే పట్టీ మీద కూడా రాసేవారు. పోవడానికి పది రోజులు, జవాబు రావడానికి మరో పది. ఉత్తరంలో అడిగిన జ్వరం జవాబు వచ్చేసరికి తగ్గిపోయేది. ట్రంకు కాల్ బుక్ చేయాలంటే ఫోనున్న ఇంటికి పోయి గంటల తరబడి కూర్చోవాలి; లైను కలిసిన మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు "వినబడుతోందా" అన్న కేకలతోనే పోయేవి. మా తాతగారు పోయినప్పుడు పెదనాన్నగారికి టెలిగ్రాం అందేసరికి ఇక్కడ మూడో రోజు. ఆయన రాలేదు. అప్పటికి టికెట్టు తాలూకు అప్పు ఇంకా తీరలేదు.

ఆ తరం భార్యల గురించి ఒక మాట చెప్పకపోతే లెక్క తప్పుతుంది. మూడో వరుసలో వెళ్లిన మనిషి భార్యకూ గ్రీను కార్డే వచ్చేది గనుక ఆమె మరునాటి నుంచే ఉద్యోగం చేయవచ్చు. ఇక్కడ బి.ఎస్సీ. చదివిన ఆడవారు అక్కడ ల్యాబుల్లో, బ్యాంకుల్లో, బడుల్లో చేరారు. గుంటూరు మెడికల్ కాలేజీ నుంచే డాక్టర్లుగా వెళ్లిన స్త్రీలూ ఉన్నారు. తరువాతి కాలంలో హెచ్-1బీ అనే తాత్కాలిక వీసా మీద వెళ్లిన ఉద్యోగి భార్య పట్టా పెట్టెలో పెట్టుకొని ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోవలసి రావడం పాతకాలపు వెనుకబాటుతనం కాదు, కొత్తకాలపు నిబంధన.

గుంపు పెరిగాక సంస్థలు వచ్చాయి. ఉత్తర అమెరికా తెలుగువారి మొదటి మహాసభ 1977లో న్యూయార్కులో జరిగింది. తానా దాని నుంచే పుట్టింది. పిట్స్‌బర్గులో వేంకటేశ్వరస్వామి గుడి వచ్చిందీ ఆ రోజుల్లోనే. భారతదేశంలో పుట్టి అమెరికాలో ఉంటున్నవారు 1960లో సుమారు 12,000 మంది. 1980కి వారు 2,06,000.

తలుపు మళ్లీ దగ్గరకు వేసినప్పుడు

1976 చివర రెండు చట్టాలు వచ్చాయి. మూడో వరుసలో వచ్చేవారు ముందుగా ఉద్యోగం చూపించాలని ఒకటి, విదేశీ డాక్టర్లకు మరింత కఠినమైన పరీక్ష పెట్టాలని మరొకటి. 1977 జనవరి నుంచి డాక్టర్ల ప్రవాహం సన్నబడింది. అంటే గుంటూరు డాక్టరు చదువు ముగించి నేరుగా గ్రీను కార్డుతో విమానం ఎక్కగలిగిన కాలం మొత్తం తొమ్మిది పదేళ్లు. మా పెదనాన్నగారు ఆ కిటికీ సరిగ్గా మధ్యలో వెళ్లారు. జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు మూతపడి చదువు వెనుకబడిన 1972-73 నాటి విద్యార్థుల్లో కొందరు ఆ కిటికీ మూసుకునే వేళకు చేరుకున్నారు. అదే తెలివి, అదే కాలేజీ, తేదీలే వేరు.

సరిగ్గా అప్పుడే ఐదో వరుస తెరుచుకుంది. 1970ల మొదట వెళ్లినవారికి పౌరసత్వం వచ్చే సమయం అది. వారు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు దరఖాస్తులు పెట్టారు. చట్టం చేసినవారు ఐరోపా కోసం వేసిన వంతెన మీద తెనాలి, గుడివాడ, ఉయ్యూరు కుటుంబాలు నడిచాయి. ఆ రెండో అల మనుషులు డాక్టర్లు కారు. మోటళ్లు, పెట్రోలు బంకులు, కిరాణా కొట్లు నడిపారు. మన ఊళ్ల అమెరికా జ్ఞాపకాల్లో వీరికి చోటు తక్కువ, ఎందుకంటే చెప్పుకోవడానికి పట్టా లేదు.

ఇక నేటి నిరీక్షణ విషయానికి వస్తే, 1990 చట్టం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీను కార్డులను ఏటా 1,40,000గా నిర్ణయించి, ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదని చెప్పింది. అంటే సుమారు 9,800, అందులో భార్యాపిల్లలు కూడా కలిసే ఉంటారు. అదే చట్టం హెచ్-1బీ తాత్కాలిక వీసాను ఏటా 65,000 చొప్పున తెరిచింది. ఒక పక్క వెడల్పు గుమ్మం, రెండో పక్క సన్నని సందు. మధ్య గదిలో మన పిల్లలు. 1971లో భారతదేశానికి ఉన్న హద్దు 20,000, వరుసలో నిలబడ్డవారు అంతకన్నా తక్కువ. అందుకే పెదనాన్నగారికి కార్డు దిగిన కొద్ది వారాలకే టపాలో వచ్చింది. ఆయన మనవడితో చదువుకున్న విజయవాడ కుర్రవాడు పదమూడేళ్లుగా ఎదురు చూస్తున్నాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ కష్టపడ్డారన్న వాదన మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ నడుస్తుంది. ఆ వాదనలో ఈ రెండు హద్దుల ఊసు మాత్రం రాదు.

రేకు పెట్టెలో పాస్‌పోర్టు కింద 1977 నాటి ఎయిర్‌లెటరు ఒకటుంది. పెదనాన్నగారు మా నాన్నకు రాసినది. పౌరసత్వం వచ్చిందనీ, తమ్ముడికి దరఖాస్తు పెడుతున్నాననీ, ఊళ్లో పుట్టిన తేదీలు ఎవరూ నమోదు చేయించలేదు గనుక ఇద్దరు పెద్దమనుషుల చేత అఫిడవిట్ రాయించి, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం నకలుతో కలిపి వెంటనే పంపమనీ అందులో ఉంది. అంచు మీద, స్థలం చాలక సన్నని అక్షరాల్లో: "పొలం కౌలుకిచ్చేయవచ్చు, ఆలోచించుకో." అఫిడవిట్ కోసం కొన్న స్టాంపు కాగితం ఆ ఉత్తరం మడతలోనే ఉంది. దాని మీద ఏమీ రాయలేదు. అప్పటికి నాయనమ్మ మంచం పట్టి రెండేళ్లు.